బరువైనదే ముందు పడుతుందా? చిన్నపిల్లలకు గురుత్వాకర్షణ పాఠం చెప్పే తీరు గురించి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

చిన్న తరగతుల చదువు గురించి మీ పత్రికలో వచ్చే ఉత్తరాలన్నీ శ్రద్ధగా చదువుతుంటాను. పుస్తకాల బరువు గురించి, పరీక్షల గురించి, ఇంటిపని గురించి చాలామంది రాస్తున్నారు. అవన్నీ రాయవలసినవే. అయితే ఒక పాఠం లోపలికి వెళ్లి, దానిని పిల్లలకు ఏ క్రమంలో, ఏ మాటలతో చెబుతున్నామో చూసే చర్చ అరుదుగా కనిపిస్తుంది. చిన్న తరగతులకు విజ్ఞానశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయురాలిగా, ఒకే ఒక్క పాఠం గురించి రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. చేతిలోంచి వదిలిన వస్తువు కింద ఎందుకు పడుతుంది, ఎలా పడుతుంది అన్నదే ఆ పాఠం.

ఈ పాఠాన్ని మనం నిర్వచనంతో మొదలుపెడుతున్నాం. భూమి అన్ని వస్తువులనూ తనవైపు ఆకర్షిస్తుంది, దీనినే గురుత్వాకర్షణ అంటారు, బరువైన వస్తువైనా తేలికైన వస్తువైనా ఒకేలా పడుతుంది అని మూడు వాక్యాలు చెప్పి, పిల్లల చేత అప్పజెప్పించి, తరువాతి పాఠానికి వెళ్లిపోతున్నాం. అదే గదిలో కిటికీలోంచి ఒక ఈక తేలుతూ వచ్చి నెమ్మదిగా వాలుతుంటే, బల్ల మీది డస్టరు ఠపీమని పడుతుంటే, ఆ రెండూ ఒకేలా పడ్డాయని పిల్లవాడు ఎలా నమ్ముతాడు? నమ్మడు, కానీ పరీక్షలో రాస్తాడు. కంటితో చూసినది ఒకటి, పుస్తకంలో రాయవలసినది మరొకటి అన్న అలవాటు అంత చిన్న వయసులోనే పడిపోతుందన్నదే నా బాధ.

నిజానికి వస్తువులు పడే తీరు గురించి పిల్లలు బడికి వచ్చేనాటికే ఎంతో తెలుసుకుని ఉంటారు. మాటలైనా రాని పసిబిడ్డ చేతిలోని గిలకను మళ్లీ మళ్లీ కింద పడేసి, అది పడిన చోటు వైపు తొంగి చూస్తుంది. పెద్దలు దానిని అల్లరి అనుకుంటారు కానీ ఆ బిడ్డకు అది పరిశీలనే. వదిలితే పడుతుంది, నిటారుగా కిందికే పడుతుంది అన్న నమ్మకం అలా బలపడుతుంది. ఆ నమ్మకం ఎంత గట్టిదో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ హుడ్ 1995లో ప్రచురించిన ఒక పరిశోధన చూపించింది. పైన కొన్ని రంధ్రాలు, కింద కొన్ని డబ్బాలు ఉంచి, ఒక్కొక్క రంధ్రాన్ని ఒక్కొక్క డబ్బాకు లోపల ఏముందో కనబడని వంకర గొట్టంతో కలిపారు. ఒక రంధ్రంలో బంతి వేసి, ఎక్కడుందో వెతకమన్నప్పుడు రెండేళ్ల పిల్లల్లో ఎక్కువమంది గొట్టం ఎటు పోయిందో చూడకుండా, రంధ్రానికి సరిగ్గా కిందనున్న డబ్బాలోనే వెతికారు. అక్కడ లేదని తెలిసిన తరువాత కూడా మళ్లీ అక్కడే వెతికారు. పిల్లల తలలో అప్పటికే ఒక సిద్ధాంతం ఉందని, దానికి ఎదురు వెళ్లే సాక్ష్యం ఒక్కసారి కనిపించినంత మాత్రాన అది కదలదని దీనినిబట్టి తెలుస్తోంది. మన మూడు వాక్యాల పాఠం దానిని కదిలిస్తుందని ఆశించడం అత్యాశే.

బరువైనది ముందు పడుతుందన్న నమ్మకం కూడా అటువంటిదే. దానిని అజ్ఞానమని కొట్టిపారేయకూడదని నా గట్టి అభిప్రాయం. అది రోజూ చూస్తున్న దానినుంచి నిజాయితీగా పుట్టిన నమ్మకం. రాయి ముందు పడుతుంది, ఆకు వెనుక పడుతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దానికి చెందిన అరిస్టాటిల్ కూడా బరువునుబట్టే పతన వేగం ఉంటుందని చెప్పాడు, ఆ మాట దాదాపు రెండు వేల ఏళ్లు చెలామణీ అయింది. అంతటివాడు అనుకున్నదే ఏడేళ్ల పిల్ల కూడా అనుకుంటే ఆమెను తప్పు పట్టవలసిన పని లేదు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో ఆమె చేతే తేల్చుకోనివ్వాలి.

అందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు, రెండు తెల్ల కాగితాలు చాలు. ఒకే పుస్తకంలోంచి చించిన రెండు కాగితాలను పిల్లలకు ఇచ్చి, రెండూ ఒకే బరువు ఉన్నాయని ముందు వారి చేతనే ఒప్పించాలి. త్రాసు ఉంటే తూచి చూపించడం ఇంకా మంచిది. తరువాత ఒకదానిని ఉండగా నలిపి, రెండింటిలో ఏది ముందు పడుతుందని అడగాలి. అడిగి, జవాబు బోర్డు మీద రాసే వరకు ఎవరూ వదలకూడదు. ఇది చాలా ముఖ్యం. ముందుగా ఊహించి చెప్పిన పిల్లలు తరువాత జరిగేదానిని రెప్ప వేయకుండా చూస్తారు, ఊహించనివారు ఊరికే చూస్తారు. నా తరగతిలో ఒకసారి ఉండ నేరుగా నేలకు తగిలి, విప్పి ఉన్న కాగితం ఇటూ అటూ ఊగుతూ బల్ల కిందికి పోయినప్పుడు, వెనుక వరుసలోని ఒక పాప లేచి, "టీచర్, నలిపితే బరువు పెరగలేదు కదా, మరి అది ముందెందుకు పడింది?" అని అడిగింది. ఆ ప్రశ్న తరగతి నుంచి పుట్టేవరకు ఆగగలిగితే పాఠం సగం అయిపోయినట్టే. కాసేపటికి వాళ్లలో ఒకరు విప్పి ఉన్న కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని విసురుగా కిందికి దించి, "గాలి తగులుతోంది" అన్నారు. గాలి అడ్డుపడుతుందన్న మాట నేను చెప్పలేదు.

దాని వెంటనే మరొకటి చేయించవచ్చు. కాగితాన్ని పుస్తకం అట్టకంటే కొద్దిగా చిన్నదిగా కత్తిరించి, పుస్తకం పైన పరిచి, పుస్తకాన్ని చదునుగా వదలాలి. కాగితం పుస్తకంతోపాటే కిందికి వస్తుంది, వెనుకబడదు. పుస్తకం ముందుగా వెళ్లి గాలిని పక్కకు తోస్తోంది కాబట్టి కాగితానికి అడ్డు లేదని పిల్లలే చెబుతారు. పుస్తకానికి కాగితం అంటుకుందేమోనని, వెనుకనుంచి గాలి నొక్కిందేమోనని అనుమానించే పిల్లలు కూడా ఉంటారు. వారి అనుమానం న్యాయమైనదే. గాలి ఉన్నచోట చేసే ఏ ప్రయోగంలోనూ ఆ అనుమానం పూర్తిగా తీరదని ఉపాధ్యాయులు దాపరికం లేకుండా చెప్పాలి.

ఇప్పుడు బరువు సంగతికి రావాలి. ఒకే రకం ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకుని, ఒకదానిని నిండా, రెండోదానిని సగానికి నీటితో నింపి, మూతలు బిగించి, రెండు అడుగుభాగాలూ ఒకే ఎత్తులో ఉండేలా పట్టుకుని మెత్తటి పరుపు మీదకు ఒకేసారి వదలాలి. ఒకటి రెండోదానికంటే దాదాపు రెట్టింపు బరువు. బరువునుబట్టే వేగం ఉంటే, బరువైనది చేరేసరికి తేలికది ఇంకా గాలిలోనే ఉండాలి. కానీ రెండూ కలిసే పడతాయి. పూర్తిగా ఖాళీ సీసాతో ఈ ప్రయోగం చేయవద్దని మాత్రం తోటి ఉపాధ్యాయులకు నా మనవి. అంత తేలిక వస్తువుకు గాలి అడ్డు కాస్త లెక్కలోకి వస్తుంది, అది కొద్దిగా వెనుకబడినా పిల్లల కన్ను పట్టేస్తుంది. ఇక్కడ కంటికంటే చెవి నమ్మదగినది. మీటరు ఎత్తునుంచి పడే వస్తువుకు అర సెకను కూడా పట్టదు, దాదాపు 0.45 సెకన్లలో నేలను చేరుతుంది. అంత కొద్ది వ్యవధిలో ఏది ముందో చూపు తేల్చలేదు కానీ, ఒక చప్పుడు వినబడిందా రెండు వినబడ్డాయా అన్నది కళ్లు మూసుకున్న పిల్లలు కూడా చెప్పగలరు. ఫ్లెమిష్ గణిత శాస్త్రవేత్త సైమన్ స్టెవిన్ చేసినది కూడా ఇదే. ఆయన, యాన్ కోర్నెట్స్ డి గ్రూట్ కలిసి, ఒకటి రెండోదానికి పది రెట్లు బరువున్న రెండు సీసపు గుండ్లను 30 అడుగుల ఎత్తునుంచి చెక్క పలక మీదకు వదిలి, రెండింటి చప్పుడూ ఒక్కటిగానే వినిపించిందని 1586లో రాశారు. గెలీలియో పీసా గోపురం మీదినుంచి గుండ్లు వదిలాడన్న కథ మన పుస్తకాలన్నింటిలో ఉంటుంది. అది ఆయన శిష్యుడు వివియాని తరువాతి కాలంలో రాసినది, అది నిజంగా జరిగిందా అని చరిత్రకారులు చాలామంది సందేహిస్తున్నారు. రుజువున్న స్టెవిన్ ప్రయోగాన్ని వదిలి, రుజువు లేని కథను పిల్లలకు చెప్పడం ఎందుకో నాకు అర్థం కాదు.

గెలీలియో దగ్గర పిల్లలకు చెప్పదగినది వేరే ఉంది, అది ఆయన తర్కం. దానిని చిన్నపిల్లలకు తగినట్టు ఇలా అడగవచ్చు. ఒకే రకం బంతులు మూడు వదిలితే మూడూ కలిసే పడతాయి. దీనిని ఎవరూ కాదనరు. ఇప్పుడు వాటిలో రెండింటిని చిన్న దారంతో కట్టేద్దాం. కట్టినవి రెండూ కలిసి రెట్టింపు బరువు కాబట్టి రెట్టింపు వేగంతో పడతాయా? దారం కట్టినంత మాత్రాన బంతులకు తొందర ఎక్కడినుంచి వస్తుంది? ఎనిమిదేళ్ల పిల్లలు దీని మీద ఎంతసేపైనా వాదించుకుంటారు. వాదించుకోనివ్వాలి. ఇక పదేళ్లు దాటిన పిల్లలకు, బరువైన వస్తువును భూమి ఎక్కువగా లాగుతుందన్నది నిజమేనని, కానీ దానిని కదిలించడం కూడా అంతే కష్టమని, ఈ రెండూ సరిగ్గా సరిపోవడం వల్లనే వేగంలో తేడా రాదని చెప్పవచ్చు. అంతకంటే ముందు చెబితే తికమక తప్ప మరేమీ మిగలదు.

గాలి లేనిచోట ఏమవుతుందన్న ప్రశ్న పిల్లల నోటినుంచి తప్పకుండా వస్తుంది. దానికి తిరుగులేని జవాబు మన దగ్గర ఉంది. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి, ఒక చేత్తో సుత్తిని, మరో చేత్తో డేగ ఈకను పట్టుకుని ఒకేసారి వదిలాడు. సుత్తి బరువు 1.32 కిలోలు, ఈక బరువు దాదాపు 30 గ్రాములు. రెండూ కలిసే చంద్రుడి నేలను తాకాయి. ఆ దృశ్యం ఇప్పుడు ఏ ఫోనులోనైనా చూపించవచ్చు. చూపించేటప్పుడు మరో సంగతి కూడా గమనింపజేయాలి. అవి మన దగ్గర పడినంత తొందరగా పడవు. చంద్రుడి ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరో వంతే కాబట్టి, దాదాపు 1.6 మీటర్ల ఎత్తునుంచి పడడానికి వాటికి 1.4 సెకన్లు పడుతుంది. మన దగ్గరైతే గాలి అడ్డు లేకుంటే 0.6 సెకను కూడా పట్టదు. చంద్రుడి మీద ఆకర్షణే ఉండదనుకునే పిల్లలకు, పెద్దలకు కూడా, ఈ ఒక్క దృశ్యం సరిపోతుంది.

పడుతున్న వస్తువు ఒకే వేగంతో పడదని, అంతకంతకూ వేగం పుంజుకుంటుందని మన పాఠాల్లో పేరుకు చెప్పి వదిలేస్తారు. దీనిని పళ్లెంలో తడి ఇసుక పోసి చూపించవచ్చు. ఒక గోళీని జానెడు ఎత్తునుంచి, తరువాత నిలువెత్తునుంచి వదిలి, ఇసుకలో పడిన గుంటలను పిల్లల వేలితో తడిమి చూడమనాలి. రెండో గుంట ఎందుకు లోతుగా ఉందో వాళ్లు చెప్పలేకపోరు. గాలిని పక్కన పెడితే మొదటి సెకనులో వస్తువు దాదాపు 5 మీటర్లు పడుతుంది, రెండు సెకన్లు పూర్తయ్యేసరికి దాదాపు 20 మీటర్లు పడిపోతుంది. కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లవుతుందన్న ఈ లెక్కను గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు. వస్తువు తిన్నగా పడితే కొలవడం కష్టమని ఏటవాలు పలక మీద గుండును దొర్లించి, పాత్రలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. అంత వేగంగా జరిగేదానిని నెమ్మదింపజేసి చూడాలన్న ఆలోచనే ఆయన గొప్పతనం. అదే పని ఇవాళ ఫోనులోని స్లోమోషన్ వీడియోతో చేయవచ్చు. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోను, మీటరు ఎత్తునుంచి పడే బంతిని నూరుకు పైగా చిత్రాలుగా విడదీస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూస్తే బంతి మొదట ఎంత మెల్లగా కదిలిందో, చివర ఎంత దూరం దూకిందో పిల్లలు కొలబద్ద పెట్టి కొలవగలరు.

కింద అంటే ఏమిటన్నది మరొక చిక్కు. భూమి గుండ్రంగా ఉందని మొదట చెబుతాం, తరువాత భూమి కిందికి లాగుతుందంటాం. ఈ రెండూ కలిపి ఆలోచించిన ఏ పిల్లవాడికైనా, మరి అడుగువైపు ఉన్న మనుషులు జారిపోరా అన్న భయం కలుగుతుంది. స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూవర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో, కొందరు పిల్లలు భూమిని లోపల చదునైన నేల ఉన్న బోలు గోళంగా ఊహించుకున్నారు. పెద్దలు చెప్పిన గుండ్రని భూమిని, తమ కాళ్ల కింది చదును నేలను కలపడానికి వాళ్లు చేసిన ప్రయత్నమది. గ్లోబు మీద నాలుగు వైపులా చిన్న బొమ్మలు అంటించి, ఒక్కొక్క బొమ్మ చేతిలోంచి బంతి వదిలితే ఎటు పోతుందో బాణం గీయమంటే, ఏ పిల్లవాడి ఊహ ఎక్కడుందో ఉపాధ్యాయునికి తేటతెల్లమవుతుంది. బాణాలన్నీ గ్లోబు నడిమధ్యకే చూపాలని తెలిసిననాడు కింద అన్న మాటకు అర్థం కుదురుతుంది. ఇటువంటి ప్రశ్ననే భాస్కరాచార్యుడు 1150లో పూర్తిచేసిన సిద్ధాంత శిరోమణిలో వేశాడు. భూమికి ఆకర్షించే శక్తి ఉందని, ఆకాశంలోని బరువైన వస్తువును అది తనవైపు లాక్కోవడం వల్లనే ఆ వస్తువు పడుతున్నట్టు కనిపిస్తుందని చెప్పి, చుట్టూ అన్ని వైపులా ఆకాశం సమానంగా ఉన్నప్పుడు ఈ భూమి ఎటు పడుతుందని అడిగాడు. ఈ ప్రశ్న పిల్లలకు తప్పక వినిపించాలి. అయితే ఆకర్షణ బలం దూరంతో ఎలా తగ్గుతుందో లెక్కగట్టి, నేల మీద వస్తువుకూ ఆకాశంలో చంద్రుడికీ ఒకే నియమమని 1687లో నిరూపించినది న్యూటన్. ఆయనకు దక్కవలసినది ఆయనకే దక్కాలి. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఒకరి గొప్పతనాన్ని మరొకరి ఖాతాలో వేయవలసిన అవసరం లేదు, ఎవరి పని వారిదిగా చెప్పినా చాలినంత గొప్పగానే ఉంటుంది. న్యూటన్ నెత్తి మీద ఆపిల్ పడిందన్న కథ కూడా మానేయాలి. పండు రాలడం చూసి ఆలోచనలో పడ్డానని ఆయనే చెప్పినట్టు స్నేహితుడు స్టూక్లీ రాశాడు కానీ, నెత్తి ఊసు అందులో లేదు.

ఇన్నింటిలో నన్ను ఎక్కువగా కలవరపరిచేది, అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదన్న వాక్యం. బడి గోడల మీది పటాల్లోను, పిల్లల పుస్తకాల్లోను ఇది ధారాళంగా కనిపిస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మనకు దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. ఆకర్షణే లేకపోతే ఆ కేంద్రం దాదాపు 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టిరావడం ఎలా సాధ్యం? సరళరేఖలో ఎటో వెళ్లిపోయి ఉండేది. కేంద్రం, అందులోని మనుషులు, వస్తువులు అన్నీ కలిసి ఎడతెగకుండా పడుతూనే ఉన్నాయి, పక్కకు వెళ్లే వేగం వల్ల నేలను తాకకుండా భూమి చుట్టూ పడుతున్నాయి. అందుకే అక్కడివారికి బరువు తెలియదు. ఇది పిల్లలకు అందదని చాలామంది అంటారు. అందుతుంది. ప్లాస్టిక్ సీసా అడుగున పక్కగా చిన్న రంధ్రం చేసి, నీళ్లు పోసి, మూత తీసి ఉంచి పట్టుకుంటే రంధ్రంలోంచి ధార వస్తుంది. ఆరుబయట తొట్టి మీదుగా ఆ సీసాను వదిలేస్తే, పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. సీసా, నీరు రెండూ ఒకే తీరున పడుతున్నప్పుడు నీరు సీసా గోడను నొక్కదు. ఒక్కసారి చూసినవారు రెండోసారి చేయమంటారు, మూడోసారి తామే చేస్తామంటారు.

ఇందులో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. గాజు వస్తువులు వాడకూడదు, మేడ మీదినుంచి ఏమీ వదలకూడదు, పడే చోట ఎవరి కాళ్లూ ఉండకూడదు. వీటికి ఒక పెద్దమనిషి పక్కన ఉంటే చాలు.

చివరిగా పరీక్షల గురించి ఒక మాట. గురుత్వాకర్షణ అనగానేమి అన్న ప్రశ్నకు కంఠస్థం చేసినవారంతా మార్కులు తెచ్చుకుంటారు, పాఠం అర్థమైందో లేదో మాత్రం తెలియదు. దానికి బదులు, బల్ల అంచునుంచి ఒక నాణేన్ని పక్కకు విసిరి, అదే క్షణంలో మరో నాణేన్ని అదే ఎత్తునుంచి ఊరికే వదిలితే ఏది ముందు నేలను తాకుతుందో, ఎందుకో రాయమనండి. దూరం వెళ్లింది కాబట్టి మొదటిది ఆలస్యంగా పడుతుందని పెద్దలు కూడా అంటారు. నిజానికి రెండూ ఒకే చప్పుడుతో పడతాయి. జవాబు తప్పు రాసినా, కారణం ఆలోచించి రాసిన పిల్లలకు మార్కులు ఇవ్వాలి. పాఠ్యపుస్తకాలు తయారుచేసేవారు ప్రతి ప్రయోగం కిందనే ఫలితాన్ని అచ్చువేయడం మానాలి. ఫలితం పక్క పేజీలో సిద్ధంగా ఉంటే కాగితం నలిపి చూడవలసిన అవసరం ఏ పిల్లవాడికీ కలగదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. పిల్లల కోసం మీరు కేటాయించే పేజీలో ఒక వారం ఇటువంటి ప్రయోగం ఒక్కటి, ప్రశ్నతో సహా, జవాబు లేకుండా ప్రచురించండి. చేసి చూసిన పిల్లలు తాము ఏమనుకున్నారో, ఏం జరిగిందో రాసి పంపితే, సరైనవీ కానివీ కలిపి కొన్నింటిని మరుసటి వారం అచ్చువేసి, వివరణ వాటి తరువాత ఇవ్వండి. మొదటి వారానికి రెండు కాగితాల ప్రయోగం సరిపోతుందని నా సూచన.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు